కాఫీని కొలిచి త్రాగుదము

టీ, కాఫీలలోని కెఫీన్‌ను తగ్గించుకొనదలచినవారికి తార్నాకనుండి వెలువడిన ఒక పుస్తకమును, కాఫీపొడి పొట్లముమీది ఒక పంక్తియు చెప్పు సంగతులు

“టీ, కాఫీలు తగ్గించుకోవాలని ప్రతివాళ్ళూ అంటున్నారు, ఎలా తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. గురువారం సాయంత్రానికి ముఖచిత్ర కథనం నా బల్లమీద ఉండాలండీ” అని సంపాదకులు పురమాయించిరి. ఆ మాట పుచ్చుకొని నేను పోగుచేసిన కాగితములలో వైద్యుల వ్యాసములు కలవు, విదేశీయ పరిశోధనల సంగ్రహములు కలవు, వర్తకుల కరపత్రములును కలవు. కాని గడువు దగ్గరపడుచున్నకొలది, వానినన్నిటిని వెనుకకు నెట్టి మరల మరల నా చేతికి వచ్చినది ఒక్కటే: హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు భారతీయుల ఆహారమునకు మార్గదర్శకముగా 2024 మే నెలలో ప్రకటించిన గ్రంథములో, టీ, కాఫీలను గూర్చిన చిన్న భాగము.

1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై ఏర్పడి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థ, మన అన్నమును, పప్పును, నూనెను, ఉప్పును గూర్చి 17 సూత్రములుగా విస్తరించి చెప్పిన గ్రంథమిది. కోట్లాది గృహములలో పొయ్యి వెలిగినంతనే మొదట సిద్ధమగు ఈ రెండు పానీయములకు అందు లభించిన తావు స్వల్పము. ఆ స్వల్పమైన తావులోనే మూడు జతల అంకెలును, వాని పిమ్మట ఒక హద్దును ఉన్నవి. 150 మిల్లీలీటర్ల కప్పునకు, పొడినుండి దింపిన కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్; ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65; టీలో 30 నుండి 65. దినమునకు మొత్తము 300 మిల్లీగ్రాములు దాటరాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దలకు 400 వరకు చెల్లునని చెప్పియుండగా, మనవారు ఇంకను జాగ్రత్తపడి గీత క్రిందికే గీసిరి.

ఈ అంకెలను చదివినవారిలో పెక్కుమంది హద్దును మాత్రము చూచి, తమ కప్పులను లెక్కించుకొని, ఊరడిల్లియో కలతపడియో పుస్తకమును మూసివేయుదురు. నాకు హద్దుకంటె ఆ జతల నడుమనున్న ఎడమే ముఖ్యముగా తోచినది. టీలో 30 ఎక్కడ, 65 ఎక్కడ? దినమునకు నాలుగు కప్పుల టీ త్రాగు ఇద్దరిలో ఒకరికి 120 మిల్లీగ్రాములును, మరియొకరికి 260 మిల్లీగ్రాములును చేరవచ్చునన్నమాట. “రోజుకెన్ని కప్పులు తాగుతారు?” అని వైద్యుడు అడుగును, ఇద్దరును “నాలుగండీ” అని చెప్పుదురు, ఇద్దరికిని ఒకే సలహా లభించును. ఈ ఎడము ఎందువలన కలుగుచున్నదో తెలిసికొన్నచో, కప్పుల సంఖ్యను ముట్టుకొనకయే కెఫీన్‌ను సగమునకు దింపుకొనవచ్చును. ఉదయపు కాఫీని ప్రాణముగా చూచుకొను వంశములో పుట్టినవాడను గనుక, మానివేయుడని చెప్పుటకు నాకు నోరు రాదు. కొలిచి త్రాగుడని చెప్పుటకు మాత్రము ఈ నాలుగు అంకెలు నాకు ధైర్యమిచ్చినవి.

ముందు కప్పు సంగతి. 150 మిల్లీలీటర్లనగా మన వీధి చివర బండివాడు ఇచ్చు కాగితపు కప్పు కాదు. అది తఱచుగా అందులో సగమే. ఇంటిలోని స్టీలు గ్లాసో, అంతకు మించియుండును. ఎవరి గ్లాసును వారు ఒక్కసారి నీళ్ళతో నింపి, మందుసీసాతో వచ్చు కొలత మూతతోనైనను కొలిచి చూచుకొనుట మంచిది. హోటలులో ఇద్దరు మిత్రులు కూర్చుండి “వన్ బై టూ” అని చెప్పి ఒక కాఫీని రెండు గ్లాసులుగా తెప్పించుకొను మన అలవాటు, పొదుపుకొరకు పుట్టినదే కావచ్చునుగాని, కెఫీన్ తగ్గించుకొనగోరువారికి అంతకంటె సులభమైన ఉపాయము నాకు కనబడలేదు. సంభాషణ నిడివి తగ్గదు, కాఫీ సగమగును.

ఇక పొడి సంగతి. కెఫీన్ కప్పులో పుట్టునది కాదు, గింజలో ఉండునది. కాబట్టి ఎన్ని గ్రాముల పొడి వేసితిమి, అది ఏ జాతి గింజది అను రెండు ప్రశ్నలలోనే లెక్క అంతయు ఉన్నది. అరబికా గింజలో తూకమునకు సుమారు 1.2 శాతము కెఫీన్ ఉండును. రోబస్టాలో సుమారు 2.2 శాతము. అనగా గ్రాము అరబికా పొడికి 12 మిల్లీగ్రాములు, గ్రాము రోబస్టాకు 22. గింజను ఎర్రగా వేయించినను నల్లగా వేయించినను ఈ లెక్కలో చెప్పుకోదగిన భేదము రాదు. నల్లగా మాడిన పొడి చేదుగా ఉండును గనుక ‘స్ట్రాంగ్’ అని భ్రమపడుదుముగాని, చేదుకును కెఫీన్ మొత్తమునకును అట్టి పొత్తు లేదు. పాలు ఎక్కువ పోసినందువలనను కెఫీన్ తగ్గదు. డికాక్షన్ తక్కువ పోసినప్పుడే తగ్గును.

ఈ లెక్కలో సున్న విలువగల వస్తువు మరియొకటి కలదు. నా ఈ కథనములో అన్నిటికంటె నాకు ఇష్టమైన భాగము దానిదే. విజయవాడ గవర్నరుపేటలో ఒక పాత కాఫీపొడి దుకాణము ముందు, మర నడుచుచుండగా, వెచ్చని పొడి వాసన వీధిలోనికి వచ్చుచుండగా నిలుచుంటిని. నాకు ముందున్న నడివయసు ఇల్లాలితో దుకాణదారు, ఆ దుకాణములలో ప్రతివారిని అడుగు ప్రశ్ననే అడిగెను: “చికోరీ ఎంత కలపమంటారమ్మా?”

“ఎప్పుడూ ఇరవై వేస్తారు కదండీ. ఈసారి నలభై వెయ్యండి. మావారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.”

“నలభై వేస్తే చిక్కగానే ఉంటుందమ్మా, రంగు కూడా బాగా దిగుద్ది. వాసనే తగ్గుద్ది. ముందు ముప్ఫైతో చూడండి, అలవాటైతే తర్వాత పెంచుకోవచ్చు.”

ఆమె తల ఊపెను. అతడు రేకుడబ్బా మూత తీసి, ముదురు గోధుమరంగు పొడిని గరిటతో త్రాసులోనికి కొద్దికొద్దిగా వేయుచు, ముల్లు కుదురుకొనిన పిమ్మట కాఫీపొడితో కలిపి సంచికి ఎత్తెను. ఆ ఇల్లాలు ఏ పోషకాహార గ్రంథమును చదివినట్లు లేదు. అయినను పెద్దల అంకెలలోని ఎడమునకు కారణమైన మీటను ఆమె చేయి సరిగా పట్టుకొనినది.

చికోరీ ఒక మొక్క వేరు. గుజరాతులోను, ఉత్తరప్రదేశములోను దీనిని పండింతురు. వేరును తరిగి, ఎండబెట్టి, వేయించి పొడిచేయుదురు. అందులో కెఫీన్ లేశమును లేదు. మా బాల్యమున చికోరీ కలిపిన కాఫీ అనిన పెద్దలు ముక్కు విరిచెడివారు. కలపని కాఫీ ఇచ్చుట మర్యాదకు గుర్తు, కలిపినది ఇచ్చుట లోభమునకు గుర్తు. ఆ అభిప్రాయమును నేను ఏనాడో విడిచితిని. రుచిలో ఒక తీపి చేదును, డికాక్షనునకు చిక్కదనమును ఇచ్చుచు, కెఫీన్‌ను మాత్రము ఇవ్వని ఈ వేరు మన దక్షిణదేశపు కాఫీకి మిత్రమేగాని కల్తీ కాదు. చట్టమును దీనిని అంగీకరించి హద్దు పెట్టినది: మిశ్రమములో కాఫీ 51 శాతమునకు తగ్గరాదు; కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంత శాతమో పొట్లముమీద ముద్రింపవలెను. ఆ చిన్న అక్షరముల పంక్తిని మనము చదువము. వంటింటి అలమరలో కెఫీన్ మోతాదును పరోక్షముగానైనను తెలుపు పంక్తి బహుశః అదియొక్కటే.

దానిని పట్టుకొని లెక్క వేసి చూతము. నలుగురికి కాఫీ పెట్టుటకు ఫిల్టరులో 20 గ్రాముల పొడి వేసితిమనుకొందము. పొడి 80కి 20 మిశ్రమమైనచో అందులో కాఫీ 16 గ్రాములు. అది అంతయు రోబస్టా అయినచో, కెఫీన్ పూర్తిగా దిగినదనుకొన్నను 352 మిల్లీగ్రాములు, మనిషికి 88. అంతయు అరబికా అయినచో 192 మిల్లీగ్రాములు, మనిషికి 48. ఇప్పుడు చికోరీని 40కి పెంచుదము: కాఫీ 12 గ్రాములగును, రోబస్టాకైనచో మనిషికి 66, అరబికాకైనచో 36. చెంచా మారలేదు, నీరు మారలేదు, గ్లాసు మారలేదు, రంగు ఇంకొకింత ముదిరినది. గింజయు, చికోరీ పాలును మారగా, 88 ఉన్నచోట 36 అయినది. దినమునకు మూడుమార్లు త్రాగువాడు 264నుండి 108కి దిగినాడు. ఆఫీసులో మధ్యాహ్నము వచ్చు టీలను కలుపుకొన్నను హద్దు ఇంకను చాల దూరమున ఉన్నది.

అరబికా ఎక్కడ దొరకునని వెదుకనక్కరలేదు. మన దేశపు కాఫీ పంటలో సుమారు 70 శాతము రోబస్టాయే అయినను, అరకు కొండలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియపు తీగల నడుమ పెంచునది అరబికా. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. రుచినిబట్టి దానిని మెచ్చుకొనువారు కలరు. రోబస్టాలోనున్న కెఫీన్‌లో దాదాపు సగమే ఇందులో ఉన్నదను కారణముచేతను దానిని ఎంచుకొనవచ్చునని ఎవరును చెప్పగా నేను వినలేదు.

ఇక ఇత్తడి ఫిల్టరు. పై గిన్నెలో పొడి వేసి, కాడగల చిల్లుల బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీరు పోసి మూత పెట్టినచో, చుక్క చుక్కగా క్రిందికి దిగునది మొదటి డికాక్షన్. కెఫీన్ వేడినీటిలో సులభముగా కరగును గనుక, అంతసేపు పొడిలో నిలిచి దిగిన ఆ మొదటి నీటితోనే అందులో అధికభాగము వచ్చివేయును. మరల నీరు పోసి దింపిన రెండవ డికాక్షన్ రంగులోను, సువాసనలోను, కెఫీన్‌లోను పలుచన. రెండవ డికాక్షనుతో కాఫీ ఇచ్చుట అతిథికి అవమానమని భావించు గృహములు నేటికిని కలవు. అతిథికి ఏమోగాని, సాయంకాలము ఐదు గంటలకు ఇంటివారు త్రాగవలసిన కాఫీ అదియే. పలుచనగా ఉన్నదని తోచినచో మొదటి డికాక్షన్ ఒక్క చెంచా చేర్చిన చాలును, వాసన తిరిగివచ్చును.

టీ విషయములో మన అలవాటు దీనికి పూర్తిగా విరుద్ధము. ఎండిన టీ ఆకులో తూకమునకు 2 నుండి 4 శాతము కెఫీన్ ఉండును. అనగా గ్రామునకు గ్రాము చూచినచో కాఫీపొడికి తీసిపోదు, ఒక్కొక్కప్పుడు మించును. కప్పునకు రెండు గ్రాములే వేయుదుము గనుక కప్పులో తక్కువగా కనబడుచున్నది. చైనా, జపానులలోవలె ఆకుమీద వేడినీరు పోసి కొలది నిమిషములలో వడకట్టినచో కెఫీన్‌లో కొంత ఆకులోనే మిగిలిపోవును. మనమో, యంత్రములలో నలిపి, చించి, చుట్టి గుళికలుగా చేసిన సీటీసీ పొడిని, లేదా అంతకంటె సన్నని డస్టును, నీటిలో వేసి, పాలు పోసి, పొంగు వచ్చువరకు, వచ్చిన పిమ్మటను కాచుదుము. పొడి ఎంత సన్నమైన అంత శీఘ్రముగా సారము దిగును. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో డికాక్షన్‌ను సన్నని సెగమీద గంటల తరబడి ఉంచుదురు; కాచినందువలన కెఫీన్ నశింపదు గనుక ఆ చిన్న కప్పులో ఉన్నది చిన్న మోతాదని అనుకొనరాదు. ఇరానీ చాయ్‌ను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. ఉస్మానియా బిస్కెట్టుతో ఒక కప్పు త్రాగి లేచివచ్చుట వేరు, మాటలలోపడి వరుసగా తెప్పించుకొనుట వేరు.

టీ ఆకును అరనిమిషము వేడినీటిలో ముంచి ఆ నీటిని పారబోసినచో కెఫీన్ చాలవరకు పోవునని ఒక నమ్మకము ప్రచారములో ఉన్నది. ఇది నిజము కాదు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయమువారు 1996లో ప్రకటించిన ప్రయోగములో, ఆకును పూర్తిగా ఐదు నిమిషములు నానబెట్టినప్పుడు దిగిన కెఫీన్ దాదాపు 70 శాతము. మిగిలినది తరువాతి ఐదేసి నిమిషముల నానుడులలో వచ్చినది. అరనిమిషపు నీటితో పోవునది కొంచెమే. పరిమళము మాత్రము వృథాగా పోవును. అంతకంటె పొడిని సగము చెంచా తగ్గించి, దంచిన అల్లమును, యాలకులను కాస్త ఎక్కువ వేయుట మేలు. ఘాటు లోటు నాలుకకు తెలియదు. ఆకుపచ్చ టీలో కెఫీన్ ఉండదని నమ్మి నాలుగైదు కప్పులు త్రాగువారును కలరు. అదియు అదే మొక్క ఆకు; అందులోను కెఫీన్ ఉన్నది. లేనివి మన నిమ్మగడ్డి కషాయము, తులసి నీరు, శొంఠి కాఫీ, ధనియాల కాఫీ.

చరిత్రను గూర్చి సంపాదకులు ఒక పేరాకు మించవద్దనిరి. 1819లో మహాకవి గేటే చేతికిచ్చిన కాఫీ గింజలనుండి రుంగే అను జర్మను యువకుడు కెఫీన్‌ను వేరుచేసెను. 1827లో టీ ఆకులో దొరకినదానిని వేరొక పదార్థమని తలచిరిగాని, 1838 నాటికి రెండును ఒకటేనని తేలెను. 1895లో ఎమిల్ ఫిషర్ దానిని ప్రయోగశాలలో నిర్మించెను. మన దేశమున 1903నాటి చట్టముతో టీ మీద సుంకము విధించి, ఆ ధనముతో టీ త్రాగుట నేర్పు ప్రచారమును సాగించిరి. 1942లో కాఫీ చట్టము వచ్చెను. ఈ పానీయములు వ్యాపించుటకు పూర్వము మన పల్లెలలో తెల్లవారినంతనే త్రాగినది చల్దిమజ్జిగయో, అంబలియో.

ఎంత త్రాగితిమన్న దానితోపాటు ఎప్పుడు త్రాగితిమన్నదియు ముఖ్యమే. మేలుకొనియున్నంతసేపును మెదడులో అడెనొసిన్ అను పదార్థము కూడుకొనుచు, ఇక విశ్రమింపుమని నరములకు తెలుపుచుండును. బస్సు కిటికీలోనుండి తువాలు వేసి సీటు పట్టుకొన్నట్లు, అడెనొసిన్ కూర్చుండవలసిన చోటులను కెఫీన్ ముందుగానే ఆక్రమించును. అలసట తీరలేదు, అలసిన వార్త చేరలేదు, అంతియే. ఆ కెఫీన్‌ను విరిచివేయవలసినది కాలేయము. అందులో సగము పోవుటకు సాధారణముగా ఐదు గంటలు పట్టును. కొందరికి మూడే, కొందరికి ఏడు. సాయంకాలము ఐదింటికి 80 మిల్లీగ్రాములు త్రాగిన మనిషి రక్తములో రాత్రి పదింటికి సుమారు 40, తెల్లవారుజామున మూడింటికి 20 నిలిచియుండునన్నమాట. నిద్రకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారికి ఆ రాత్రి గంటకు పైగా నిద్ర తగ్గినట్లు అమెరికాలో 2013లో ప్రకటితమైన ఒక పరిశోధన చెప్పినది. “నాకు కాఫీ తాగితేగాని నిద్ర పట్టదండీ” అనువారిని మనమందరము ఎరుగుదుము. వారి కాలేయము చురుకైనది కావచ్చును, లేదా వారి నిద్ర ఎంత పలుచబడినదో వారికే తెలియకపోవచ్చును. పొగత్రాగువారిలో కెఫీన్ సుమారు రెట్టింపు వేగముగా విరిగిపోవును. ఆ అలవాటును మానినవారు కాఫీ మోతాదును తగ్గింపనిచో, అదే కప్పు మునుపటికంటె ఎక్కువసేపు శరీరములో నిలుచును. సిగరెట్టు మానిన మొదటి వారములలో నిద్రలేమితో, చిరాకుతో బాధపడువారికి ఈ ముక్క ఎవరైనను చెప్పుట మంచిది.

జాతీయ పోషకాహార సంస్థవారు ఆ భాగములోనే చెప్పిన మరియొక మాట కెఫీన్‌కు సంబంధించినది కాకపోయినను, దానిని విడిచిపెట్టుటకు నాకు మనసొప్పలేదు. భోజనమునకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీలు త్రాగరాదని వారు హితవు చెప్పిరి; వానిలోని టానిన్లు అన్నములోని ఇనుమును పట్టుకొని, ఒంటికి పట్టకుండ చేయును. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతలో, మన దేశమున 15నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. పొద్దున ఇంటిల్లిపాదికి ఫలహారము పెట్టి, తాను కడపట రెండు ఇడ్లీలు తిని, ఆ చేతితోనే కాఫీ గ్లాసు అందుకొను ఇల్లాలికి ఈ మాట చేరవలెను. కెఫీన్ తీసివేసిన కాఫీకిని, టీకిని ఈ నియమము వర్తించును.

దుకాణముల విషయమై ఒక కోరిక. పొట్లముమీద చికోరీ శాతమును ముద్రించునట్లే, గింజ అరబికాయో రోబస్టాయో, రెండును కలిసినచో ఏది ఎంతయో కూడ ముద్రించినచో, పైన వేసిన లెక్కను ఏ గృహిణి అయినను తానే వేసికొనగలదు. ‘ప్లాంటేషన్’, ‘పీబెర్రీ’ అను పేర్లతో అమ్ముచున్న పాత దుకాణదారులకు ఆ వివరములు కంఠస్థములే. అడిగినవారికి చెప్పుచునే ఉన్నారు. అడుగనివారికొరకు అచ్చులో కావలెను.

మానిన మరునాటి తలనొప్పి

ఒక్కసారిగా కాఫీ మానినవారికి 12 నుండి 24 గంటలలో తలనొప్పి మొదలై, 20 నుండి 51 గంటల నడుమ తీవ్రమై, రెండునుండి తొమ్మిది దినముల వరకు బాధింపవచ్చునని 2004లో జులియానో, గ్రిఫిత్స్ అను శాస్త్రజ్ఞులు పూర్వ పరిశోధనలన్నిటిని పరిశీలించి వ్రాసిరి. దినమునకు 100 మిల్లీగ్రాములు మాత్రమే పుచ్చుకొనువారికిని ఇది తప్పకపోవచ్చును. మగత, చిరాకు, మనసు నిలువకపోవుట దీని తోబుట్టువులు. అమెరికా మనోవైద్యులు 2013లో తమ రోగ నిర్ణయ గ్రంథములో దీనికి స్థానమిచ్చిరి. శివరాత్రి ఉపవాసమునాడు కాఫీ కూడ ముట్టనివారికి మధ్యాహ్నమునకు తల పగులుటకు ఆకలియొకటే కారణము కాకపోవచ్చును. రంజాను నెలకు సిద్ధపడువారు ముందటి వారములలోనే చాయ్ కప్పులను క్రమముగా తగ్గించుకొన్నచో మొదటి ఉపవాసములు సుఖముగా గడచును. తగ్గించువారు కొన్ని దినములకొకసారి నాలుగవ వంతు చొప్పున తగ్గించుట మంచిది. తలనొప్పికి వేసికొను మాత్ర విషయములోను అట్టపై అచ్చు చదువవలెను: కొన్నిటిలో కెఫీన్ కలిపియే ఉండును.

కెఫీన్ తీసిన కాఫీ

బ్రెమెన్ నగర వర్తకుడు లుడ్విగ్ రోసెలియస్ 1906లో దీనిని అంగడికి తెచ్చెను. అతడు పచ్చిగింజలను ఆవిరిపట్టి, బెంజీన్ అను ద్రావకముతో కెఫీన్‌ను లాగివేసెను. బెంజీన్ హానికరమని తరువాత తెలిసి దానిని విడిచిపెట్టిరి. నేడు కేవలము నీటితో తీయు పద్ధతియు, అధిక పీడనములోని బొగ్గుపులుసు వాయువుతో తీయు పద్ధతియు వాడుకలో ఉన్నవి. రెండవదానిని జర్మనీలో కుర్ట్ జోసెల్ రూపొందించెను. అమెరికాలో ఆ పేరు పెట్టుటకు 97 శాతము కెఫీన్ తీయవలెను; కావున కొంచెము మిగిలియే ఉండును. రుచి విషయమై నా అభిప్రాయము అడిగినచో, ఎక్కువ ధర పెట్టి కెఫీన్ తీసిన పొడి కొనుటకంటె మంచి అరబికాకు 40 పాళ్ళ చికోరీ కలిపించుకొనుట మన నాలుకకు ఎక్కువ తృప్తినిచ్చును. వైద్యుడు పూర్తిగా మానుమన్నవారికి మాత్రము అది మంచి మార్గమే.

గర్భిణులు, పసివారు

గర్భము ముదిరినకొలది కెఫీన్‌ను విరుచు శక్తి మందగించి, సగము పోవుటకు పట్టు కాలము చివరి నెలలలో 15 గంటల వరకు సాగవచ్చును. అందుచేత ఐరోపా సంస్థ గర్భిణులకు దినమునకు 200 మిల్లీగ్రాములు హద్దుగా నిర్ణయించెను. 300 దాటి పుచ్చుకొనువారు తగ్గించుకొనవలెనని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. టీ, కాఫీలతోపాటు కోలాలను, 250 మిల్లీలీటర్ల డబ్బాకు సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ గల ఎనర్జీ డ్రింకులను ఈ లెక్కలో చేర్చవలెను. ఇంటర్మీడియట్ పరీక్షల కాలములో పిల్లలు రాత్రి మేలుకొనుటకై కొనుచున్నవి ఈ డబ్బాలే, పిల్లలకు తగవను హెచ్చరిక వానిమీదనే అచ్చయియున్నది. నవజాత శిశువు కాలేయము కెఫీన్‌ను విరుచుట ఇంకను నేర్వనందున, వారి ఒంటిలో అది దినముల తరబడి నిలుచును. నెలలు నిండక పుట్టి, నిద్రలో ఊపిరి ఆగిపోవుచున్న శిశువులకు ఆసుపత్రులలో వైద్యులు ఇచ్చు మందు కూడ కెఫీనే. శిశువు బరువునుబట్టి, మిల్లీగ్రాముల లెక్కతో ఇత్తురు.